బూడిద కాని కాయ

సూర్యుడింకా శిఖరం దాటలేదు. ధవళశృంగం మీద పేరుకున్న మంచు మాత్రం అప్పటికే కరిగించిన వెండిలా ధగధగలాడుతోంది. దాని పాదాల దగ్గర దేవదారు వనాలు నల్లని సేనల్లా బారులు తీరి నిలబడ్డాయి. వాటికీ దిగువన, పాతాళం వంటి లోయలో, ఒక ఏరు రాళ్ళను కొరుకుతూ పరుగెడుతోంది. ఆ ఏటికీ ఆ వనాలకీ నడుమ, నిట్టనిలువు చరియను పట్టుకొని ఇద్దరు మనుషులు చీమల్లా పైకి పాకుతున్నారు.

ముందున్నవాడు శోణపుర మహారాజు రెండవ కుమారుడు అర్కకీర్తి. ఒంటి మీద ఉప్పు వర్తకుల గోనె అంగీ, నెత్తిన మాసిన తలగుడ్డ, నడుముకు చుట్టిన దుప్పటిలో దాచిన కత్తి. వెనక వస్తున్నవాడు బొల్లమ. రాజకుమారులిద్దరూ అతని తల్లి పాలు తాగి పెరిగినవాళ్ళే. అందుకే బొల్లమ పెద్ద రాజకుమారుణ్ణి పెద్దయ్య అనీ, అర్కకీర్తిని చిన్నయ్య అనీ పిలుస్తాడు.

"చిన్నయ్యా, వాళ్ళు ఏరు దాటేశారు," అన్నాడు బొల్లమ రొప్పుతూ.

అర్కకీర్తి వెనక్కి తిరిగి చూశాడు. దిగువన రాళ్ళ మధ్య బూడిదరంగు ముఖాలు వరసగా పైకి కదులుతున్నాయి. ఒక్కడూ అరవడం లేదు. ఒక్కడూ అలసటతో ఆగడం లేదు. కాలు జారి పడినవాడి వీపు మీద కాలు పెట్టి వెనకవాడు నడిచి వచ్చేస్తున్నాడు.

"ముందు నడిపిస్తున్నది ఎవరు?"

బొల్లమ తల దించుకున్నాడు. ముందు నడిచేవాడి శిరస్త్రాణం మీద ఎర్రని గద్ద ఈక గాలికి ఊగుతోంది. శోణపుర యువరాజు జయకేతు తప్ప మరొకరు ధరించని ఈక అది.

అర్కకీర్తి పళ్ళు బిగించి మళ్ళీ రాయి పట్టుకున్నాడు.

ఆ ఏడు శోణపురం మీద భస్మకంఠుడనే మాంత్రికుడి శాపం పడింది. నాగలి గీసిన చాలులో పడ్డ ప్రతి గింజా బూడిద కావాలని అతను శ్మశానంలో నిలబడి పలికాడు. పైరు పచ్చగానే ఎదిగింది. వెన్నులు బంగారు రంగులోనే వంగాయి. కుప్ప నూర్చినప్పుడు మాత్రం కళ్ళాల నిండా బూడిద లేచింది. జనం ఆకలితో అలమటిస్తున్న వేళ భస్మకంఠుడు కోట గుమ్మం ముందు పెద్ద కొప్పెర పెట్టించి, వచ్చినవారందరికీ గంజి పోస్తానన్నాడు. "ప్రజలకు పోసే ముందు నేను రుచి చూస్తాను," అంటూ జయకేతు అందరికన్నా ముందుకు వెళ్ళాడు. ఒక్క గుక్క తాగాడు. అతని చేతిలోని గిన్నె కింద పడింది. ఆకలి పోయింది, ఆకలితో పాటు మాట పోయింది, మాటతో పాటు తనదన్న ఇచ్ఛ కూడా పోయింది. ఆనాటి నుంచి అతను భస్మకంఠుడి సేనాపతి. ఆకలికి ఓర్వలేక కొప్పెర దగ్గరికి వెళ్ళినవారంతా అతని సైన్యం.

ముసలి మహారాజూ, మిగిలిన జనమూ కోట తలుపులు మూసుకొని తోలు ఉడకబెట్టుకు తింటున్నారు. రాజవైద్యుడు అర్కకీర్తి చెవిలో చెప్పిన మాట ఒక్కటే. "నాగలి ఎరగని తిండి కోసం వెతుకు నాయనా. ధవళశృంగం ఒడిలోని కొండజనానికి దుక్కి లేదు, కరువూ లేదంటారు."

చరియ ఎక్కేసరికి ఎదుట నేల తెగిపోయి ఉంది. పెద్ద గండి. దాని మీద ఒక వేలాడే వంతెన. ఇనుప మేకు గానీ నారతాడు గానీ లేదు దానికి. బొటనవేలి లావు కొమ్మచువ్వలను పచ్చిగా ఉండగానే మెలితిప్పి, ఒకదానితో ఒకటి జడలా అల్లి, ఆ దరి నుంచి ఈ దరికి లాగి కట్టారు.

"ఇది మనిషిని మోస్తుందా?" అన్నాడు బొల్లమ.

"మోయకపోతే ముందు నేనే పడతాను," అని అర్కకీర్తి పరుగెత్తాడు.

వంతెన ఊగింది, కిర్రుమంది, కానీ తెగలేదు. ఇద్దరూ ఆ దరికి చేరేలోగా బూడిద సైనికులు వంతెన మీదికి వచ్చేశారు. అప్పుడు పొదల్లో ఎక్కడో ఈల వినిపించింది. ఎవరో ముడి విప్పారు. వంతెన ఒక పక్కకు ఒరిగింది. దాని మీదున్నవాళ్ళు ఎండుటాకుల్లా గండిలోకి రాలిపోయారు. అంత లోతుకు పడుతూ ఒక్క నోరూ తెరుచుకోలేదు. అవతలి దరిని ఎర్ర ఈక ఒక్క క్షణం ఆగింది. తరవాత సైన్యాన్ని మళ్ళించి, లోయ చుట్టుదారి పట్టింది.

మిత్రులిద్దరూ ఊపిరి పీల్చుకునేలోపే పై నుంచి వల పడింది.

వల చుట్టూ విల్లంబులతో కొండజనం చేరారు. వారి మధ్య నుంచి ఒక నడివయసు స్త్రీ వచ్చింది. భుజాన చిరుతపులి చర్మం, మెడలో ఎలుగు గోళ్ళ దండ, కుడి చెంప మీద కణత దాకా పాకిన పాత కాలిన మచ్చ. ఆ కొండకు ఆమే దొరసాని. పేరు కొర్రమ్మ.

"ఎవులు మీరు?"

"ఉప్పు అమ్ముకునేవాళ్ళం తల్లీ," అన్నాడు బొల్లమ వెంటనే.

"ఉప్పేదీ?"

"దారిలో వానకు కరిగిపోయింది."

కొర్రమ్మ నవ్వలేదు. వల సందులోంచి అతని భుజం మీది గుడ్డను విల్లుకొనతో పక్కకు తీసింది. "ఉప్పు మోసినోడి ఈపు మీద పుళ్ళుంటాయి. నీ భుజం మీద అంబులపొది తాడు రాసిన మచ్చుంది. ఇంకో అబద్ధం సెప్పు, గండిలోకి తోసేస్తాను."

అర్కకీర్తి వలలోనే లేచి నిలబడ్డాడు. "అబద్ధాలు చాలు. నేను శోణపుర రాజు కొడుకుని. నా పేరు అర్కకీర్తి. మాంత్రికుడి శాపానికి నాగలి తాకిన గింజంతా బూడిదై మా జనం ఆకలితో చచ్చిపోతున్నారు. తిండి అడగడానికి వచ్చాను."

కొర్రమ్మ విల్లు దించింది. చెంప మీది మచ్చను వేళ్ళతో తడుముకుంది. "శోణపుర రాజు కొడుకువా? ఈ మచ్చ పెట్టింది మీ అయ్యే. ఎలుగుల్ని బయటికి తోలడానికని ఈ కొండ మీద నిప్పెట్టించాడు. నా తమ్ముడు అందులోనే పోయాడు. నాను ఏట్లో పడి బతికాను." వల తియ్యమని ఆమె సైగ చేసింది. "అడగడానికొచ్చినోణ్ణి సంపడం మాకు నేదు. నడు. నువ్వడిగేదేటో కళ్ళారా సూసి అడుగు."

దేవదారు వనం అంచు దాటగానే అర్కకీర్తి ఆగిపోయాడు.

కొండవాలంతా, సెలయేటి గట్టు నుంచి పెద్ద చెట్ల నీడ మొదలయ్యే చోటి దాకా, పొదలే పొదలు. మనిషికి రెట్టింపు ఎత్తున, ఒక్కొక్క దుబ్బు నుంచి నిటారుగా లేచిన చువ్వలు, సన్నని బూడిద గోధుమ వన్నె బెరడు. గుండ్రని ఆకులు, మొదలు తమలపాకులా వంపు తిరిగి, అంచు రెండు వరసల రంపంలా కోసుకుపోయి, శరత్కాలపు ఎండలో పసుపు పూసినట్టు మెరుస్తున్నాయి. ఆకుల మధ్య జంటలు జంటలుగా కాయలు. ఒక్కొక్క కాయనూ పచ్చని పొర ఒకటి నిలువునా కప్పి, కొసన సన్నబడి పొడుగ్గా సాగింది. చిలుకలు గుంపుగా దిగి, తలలు మాత్రం ఆకుల్లో దాచుకొని ముక్కులు బయటపెట్టినట్టుంది ఆ దృశ్యం.

"ముక్కుకాయ," అంది కొర్రమ్మ.

మాట పూర్తి కాకముందే అర్కకీర్తి చెయ్యి చాచాడు. కడుపులో ఏమీ లేక రోజులు గడిచాయి. కాయ తెంపి, పై పొరను పళ్ళతో చీల్చబోయి, "అమ్మా!" అని ఉమ్మేశాడు. కంటికి కనిపించనంత సన్నని ముళ్ళు పెదవుల్లో, వేళ్ళలో దిగబడి నిప్పుల్లా మండాయి.

"తొందరపడినోళ్ళందరికీ అదే మర్యాద సేస్తాది," అంది కొర్రమ్మ. "కోసిన కాయల్ని ఏటి ఒడ్డున బురదలో పాతేస్తాం. ఆ ముళ్ళపొర కుళ్ళి ఊడిపోతాది. అప్పుడు పెంకు పగలగొడితే లోపలంతా తీపే." అంటూ నడుముకున్న సంచిలోంచి గుప్పెడు ఒలిచిన పప్పులు తీసి ఇద్దరి చేతుల్లో పోసింది.

బొల్లమ నమిలాడు. నమిలి, కళ్ళు మూసుకున్నాడు. వెన్నా, కొబ్బరీ కలిసినట్టున్న ఆ రుచికి అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "చిన్నయ్యా, ఇది బూడిద కాలేదు," అన్నాడు మెల్లగా.

"ఎందుకవుతాది? దీన్ని నాటినోడెవుడు?" అంది కొర్రమ్మ. "ఉడత దాసుకుంటాది, ఎక్కడ దాసిందో మరిసిపోతాది. అది మరిసిపోయిన సోట మొక్క లేస్తాది. పూసినా అంతే. సలికాలం పోకముందే, ఒక్క ఆకైనా లేకుండా కొమ్మల్నించి పసుపుపచ్చ తోకలు ఏలాడతాయి. ఆడపూవు సూద్దామంటే కళ్ళు పొడుసుకోవాల, మొగ్గ కొసన ఎర్ర దారప్పోగులంత. ఈగా రాదు, తేనెటీగా రాదు. గాలే పెళ్ళిపెద్ద. ఇందులో మనిసి సెయ్యెక్కడుంది, నాగలెక్కడుంది, నీ మాంత్రికుడి శాపం పట్టడానికి?"

అర్కకీర్తి చుట్టూ చూశాడు. ఒకచోట స్త్రీలు ఎండిన పప్పులు దంచి పిండి చేస్తున్నారు. రాతి పెనం మీద ఆ పిండి రొట్టెలు కాలుతున్నాయి. ఒక ముసలాయన చువ్వలు చీల్చి బుట్ట అల్లుతున్నాడు. పక్కనే అవే చువ్వల ఊయలలో పసిపాప నిద్రపోతోంది. విల్లులకు పెట్టిన అంబులూ ఆ చువ్వలే. శోణపురం కోటలో ఊయలలు ఎన్నడో ఆగిపోయాయి.

"దొరసానీ, కాయలివ్వు. మా కొండల అంచున పెంచుకోవడానికి పిలకలు కూడా ఇవ్వు. బదులు ఏం కావాలో అడుగు."

"మీ రాజ్జెం గొడ్డలీ, మీ రాజ్జెం నిప్పూ ఈ కొండెక్కకూడదు. ఎన్నడూ."

"నేను మాటిస్తాను. కానీ రేపు రాజయ్యేది నేను కాదు, మా అన్న."

"అయితే మీ అన్న సేతే సెప్పించు."

అర్కకీర్తి లోయ వైపు చూపించాడు. చుట్టుదారిలో, దేవదారుల మధ్య, ఎర్ర ఈక కదులుతోంది. "మా అన్న అదుగో వస్తున్నాడు. మమ్మల్ని చంపడానికి."

కొర్రమ్మ ఆ వైపు చూసి, విల్లు చేతికి తీసుకుంది. "బిడ్డల్ని గుహలోకి తోలండి. కాయలు ఎక్కడివక్కడే ఒగ్గేయండి. చువ్వలు వంచండి!"

పోరు మొదలైంది.

బూడిద సైన్యం పొదల్లోకి దిగింది. అక్కడ వరసలు నిలవవు. దుబ్బుకూ దుబ్బుకూ మధ్య మనిషి పక్కకు తిరిగితే గానీ పట్టడు. ఈటె ఎత్తితే కొమ్మల్లో చిక్కుకుంటుంది. అడుగు వేస్తే, నేల దాకా వంచి కట్టిన చువ్వ ఫెళ్ళున లేచి, కాలికి ఉచ్చు బిగించి మనిషిని తలకిందులుగా గాలిలోకి లాగేస్తుంది. క్షణాల్లో కొండవాలంతా తలకిందులుగా వేలాడే మనుషులతో నిండిపోయింది. వాళ్ళు అలాగే వేలాడుతూ కత్తులు విసురుతున్నారు. ముళ్ళు ముఖాల నిండా దిగబడినా కళ్ళార్పడం లేదు. బాణం గుచ్చుకున్నవాడు బాణంతోనే నడిచి వస్తున్నాడు. కొండజనంలో ఒకరి తరవాత ఒకరు నేలకొరిగారు. పసుపు ఆకుల మీద నెత్తురు చింది ఎండలో మెరిసింది.

జయకేతు ఉచ్చులన్నిటినీ కత్తితో కోసుకుంటూ తిన్నగా తమ్ముడి వైపే వచ్చాడు. అర్కకీర్తి రెండు వేట్లు కాచుకున్నాడు. మూడో వేటుకు అతని కాలు వేరులో చిక్కుకొని వెల్లకిలా పడ్డాడు. కత్తి పైకి లేచింది.

"పెద్దయ్యా! నేను, బొల్లమని!"

బొల్లమ ఇద్దరి మధ్యా నిలబడ్డాడు. ఆయుధం లేదు. రెండు చేతులూ చాచి, చిన్నప్పుడు అలిగిన పెద్దయ్యను బుజ్జగించినట్టే నిలబడ్డాడు. "మా అమ్మ నిన్ను అడిగింది పెద్దయ్యా. ఇంటికి రా..."

కత్తి ఆగలేదు. అది బొల్లమ రొమ్ములో దిగింది. అతను వెనక్కి పడిపోకుండా ముందుకు వంగి, తనను పొడిచిన చేతిని రెండు చేతులతో గట్టిగా కావలించుకున్నాడు. "ఇప్పుడు... చిన్నయ్యా..." అన్నాడు. అవే అతని చివరి మాటలు.

కత్తి లాక్కోలేక జయకేతు తడబడిన ఆ క్షణంలో, అర్కకీర్తి పక్కనున్న మెలితిప్పిన చువ్వల మోకును అన్న మెడ కిందుగా, భుజాల చుట్టూ వేసి లాగాడు. ఇద్దరు కొండవాళ్ళు తోడు పట్టారు. శోణపుర యువరాజు నేల మీద బందీ అయ్యాడు. సేనాపతి పడిపోగానే సైన్యం ఎక్కడిది అక్కడే నిలిచిపోయింది. ఏం చెయ్యాలో చెప్పేవాడు లేక ఆ బూడిద ముఖాలు శూన్యంలోకి చూస్తూ, కాసేపటికి వెనక్కి తిరిగి దిగువకు నడిచాయి.

అర్కకీర్తి బొల్లమ కళ్ళు మూసి, తన తలగుడ్డ తీసి అతని ముఖం మీద కప్పాడు. ఏడవడానికి వ్యవధి లేదు.

గుహలో జయకేతు కట్లు తెంచుకోవడానికి పెనుగులాడుతున్నాడు. ఊపిరి తీసినప్పుడల్లా గొంతులో ఇసుక కదిలినట్టు గరగరమంటోంది. కొర్రమ్మ అతని నోరు తెరిచి చూసింది. నాలుక వెనక, గొంతు మొదలంతా బూడిద గట్టి పొరలా పేరుకుపోయి ఉంది.

"మాట రానిది ఇందుకే అయ్యుంటాది. మా బిడ్డలకి దగ్గొచ్చి గొంతు పట్టేస్తే ఈ పప్పులు నూరి పాలు తీసి పోస్తాం," అంది ఆమె. "మంతరానికి పనిసేస్తాదో నేదో నానెరగను. సూద్దామా?"

"చూద్దాం."

రోట్లో పప్పులు మెత్తగా నూరి, వేడినీళ్ళు కలిపి, గుడ్డలో వడకట్టారు. చిక్కని తెల్లని పాలు దిగాయి. అర్కకీర్తి అన్న తలను ఒళ్ళో పెట్టుకొని దవడలు విడదీశాడు. కొర్రమ్మ పాలు పోసింది. మొదటి గుక్క బయటికి వచ్చేసింది. రెండోది దిగింది. జయకేతు శరీరం విల్లులా వంగింది. దగ్గు తెరలు తెరలుగా వచ్చి, నోట్లోంచి నల్లని బూడిద ఉండలు రాలాయి. ఒకటి, మరొకటి, చివరికి నెత్తురు చారలతో మరొకటి. ముఖం మీద మెల్లగా మనిషి రంగు వచ్చింది.

"తమ్ముడూ," అన్నాడు.

అర్కకీర్తి కట్లు విప్పి అతణ్ణి గుండెలకు హత్తుకున్నాడు.

"బొల్లమ గొంతు విన్నట్టుంది," అన్నాడు జయకేతు. "నన్ను పిలిచాడు. వాడెక్కడ?"

జయకేతు తమ్ముడి ముఖంలోకి చూశాడు. తరవాత తన కుడిచేతిని చూసుకున్నాడు. ముంజేతి మీద, పట్టుకొని వదలని వేళ్ళ గుర్తులు ఎర్రగా ఉన్నాయి. అతని నోటి నుంచి వచ్చిన శబ్దం ఏడుపు కాదు, మాట కాదు.

"నన్నెందుకు లేపావు?" అన్నాడు. "లోపల ఉన్నవాడికి అన్నీ కనిపిస్తాయి తమ్ముడూ. చెయ్యి మాత్రం తనది కాదు. ఏ ఇల్లు కాల్చానో, ఎవరిని నరికానో, ఒక్కటీ మరిచిపోలేదు. బొల్లమది మాత్రం కలైతే బాగుండునని అడిగాను."

"అయితే వాళ్ళంతా కూడా..."

"అందరూ లోపల మేలుకొనే ఉన్నారు." జయకేతు చటుక్కున తల ఎత్తాడు. "ఎక్కువ సమయం లేదు. గుంపులో ఒకడు తప్పిపోతే భస్మకంఠుడికి తెలుస్తుంది. అతను శోణపురంలో లేడు, ఈ కొండ కిందే ఉన్నాడు, కొప్పెరతో సహా. ప్రతి సాయంత్రం అందరికీ మళ్ళీ గంజి పొయ్యాలి. లేకపోతే పట్టు సడలిపోతుంది."

అతను చెబుతుండగానే గుహలోకి పొగ వచ్చింది.

బయట భస్మకంఠుడి మనుషులు అంటించిన కొండవాలు అంచు ఎర్రగా మండుతోంది. కింద నుంచి గాలి నిప్పును పైకి తోలుతోంది. పసుపు ఆకులు ముడుచుకుపోయి, చువ్వలు చిటపటమని పేలుతున్నాయి. కొర్రమ్మ ఒక్క క్షణం చిన్నపిల్లలా అర్కకీర్తి చెయ్యి పట్టుకుంది. తరవాత వదిలేసింది.

"కాయలు ఏటి బురదలో ఉన్నాయి, నిప్పు వాటిని తినలేదు," అంది గొంతు సవరించుకొని. "పొదలు కాలతాయి. కాలనీ. మట్టికింద దుబ్బు ఏరు బతికుంటే రెండు వానలకి మళ్ళా లేస్తాయి, ఇంతకన్నా తిన్నగా. నా సిన్నతనంలో అలాగే లేసాయి." ఆమె జయకేతు వైపు తిరిగింది. "మనుసులకి ఏర్లుండవు రాజా. నా జనం ఎనక కొండదారిన పోవాల. ఆ మాంత్రికుడు ఎంటబడితే ఒక్కరూ మిగల్రు."

జయకేతు లేచాడు. నేల మీద పడ్డ బూడిద ఉండను చిదిపి, తన ముఖానికి పూసుకోసాగాడు. "నేను తిరిగి వెళతాను. కట్లు తెంచుకొని వచ్చాననుకుంటాడు. కొప్పెర కలిపే తెడ్డు నా చేతికి తప్ప మరెవరికీ ఇవ్వడు."

"ఒక్కడివే కాదు," అన్నాడు అర్కకీర్తి. అతను చచ్చిపడిన సైనికుడి కవచం తొడుక్కున్నాడు. ముఖానికీ, మెడకూ, చేతులకూ బూడిద రాసుకున్నాడు. కొర్రమ్మ మిగిలిన పాలన్నీ కొప్పెరలో కలపడానికి ఒక మేకతోలు తిత్తిలో నింపి, అతని కవచం కింద కట్టింది.

"దొరసానీ, నీ షరతు మా అన్నతో చెప్పించమన్నావు."

జయకేతు ఆగి, విషయమేమిటో విని, కాలుతున్న కొండ వైపు చూశాడు. "నా ప్రాణం ఉన్నంత కాలం మా గొడ్డలి గానీ, నిప్పు గానీ ఇటు రావు," అన్నాడు. "అది ఎంత కాలమో నాకు తెలియదు."

పొద్దు వాలుతుండగా అన్నదమ్ములిద్దరూ పొగలోంచి దిగి భస్మకంఠుడి విడిదిలో ప్రవేశించారు.

మైదానం నడుమ మూడు కపాలాల పొయ్యి మీద ఏనుగంత కొప్పెర కుతకుతలాడుతోంది. దాని చుట్టూ బూడిద సైనికులు గిన్నెలు పట్టుకొని వరసలు కట్టారు. కొప్పెర పక్కన ఎత్తైన రాతి మీద భస్మకంఠుడు కూర్చున్నాడు. ఎముకకూ చర్మానికీ మధ్య మాంసమన్నది లేని శరీరం, మోకాళ్ళ దాకా జడలు, కంఠం చుట్టూ ఎర్రగా రగులుతున్న బొగ్గుల మాల. ఆ బొగ్గులు అతణ్ణి కాల్చడం లేదు.

"వచ్చావా జయకేతూ?" అన్నాడతను మృదువుగా. "కాసేపు నువ్వు నాకు కనిపించలేదు. ఎక్కడికి పోయావు?"

జయకేతు కదలలేదు, పలకలేదు. తెడ్డు పుచ్చుకొని కొప్పెర దగ్గరికి నడిచాడు. అర్కకీర్తి ఒక అడుగు వెనక, తల వంచుకొని నడిచాడు.

"ఆగు," అన్నాడు మాంత్రికుడు. రాతి మీద నుంచి దిగి, జయకేతు ముఖానికి ముఖం ఆనించినంత దగ్గరగా వచ్చి వాసన చూశాడు. "నీ ఊపిరిలో ఏదో తీపి ఉంది." ఒక గిన్నె తీసి, కొప్పెరలో ముంచి, పొగలు కక్కే గంజిని అతని ముందు పెట్టాడు. "తాగు."

జయకేతు గిన్నె అందుకున్నాడు. తాగకపోతే ఇద్దరూ దొరికిపోతారు. భస్మకంఠుడి చూపు పూర్తిగా తన మీదే ఉండాలి, కొప్పెర వైపు మళ్ళకూడదు. అతను మాంత్రికుడి కళ్ళలోకి సూటిగా చూస్తూ, గిన్నె ఎత్తి, గుటకలు వినిపించేలా నిదానంగా తాగాడు.

ఆ గుటకల మధ్య అర్కకీర్తి తిత్తి మూతి విప్పి కొప్పెరలోకి వంచాడు. తెల్లని పాలు నల్లని గంజిలో సుడి తిరిగి మాయమయ్యాయి. వరసలోని మొదటి సైనికుడు తన గిన్నె ముంచుకున్నాడు. రెండోవాడు ముంచుకున్నాడు.

జయకేతు చేతిలోని గిన్నె కింద పడింది. అతని ముఖం మీద పూసిన బూడిద కింద అసలు బూడిద పాకింది. ఒక్క కన్నీటి బొట్టు మాత్రం దాన్ని చీల్చుకొని గడ్డం దాకా జారింది.

"ఇప్పుడు నావాడివి," అన్నాడు భస్మకంఠుడు. "చూపించు, నీ తమ్ముడెక్కడ?"

జయకేతు చెయ్యి లేచింది. అది లేవకుండా ఉండాలని అతని మెడనరాలన్నీ ఉబ్బాయి. అయినా చూపుడువేలు మెల్లగా తిరిగి, తిన్నగా అర్కకీర్తి గుండెల మీద నిలిచింది.

మాంత్రికుడు పకపకా నవ్వాడు. "నరుకు!"

జయకేతు కత్తి దూసి తమ్ముడి మీదికి నడిచాడు. వరస మొదట గంజి తాగినవాడు పెద్దగా దగ్గాడు. భస్మకంఠుడి నవ్వు ఆగిపోయింది, బొగ్గుల మాల భగ్గున మండింది. కానీ అర్కకీర్తి ఆ వైపు చూడలేదు. తిత్తి అడుగున ఇంకా ఒక్క గుక్క పాలు మిగిలాయి. అవి అన్న గొంతులో పడాలంటే ఆ కత్తి వేటును దాటి లోపలికి వెళ్ళాలి. ఒక చేతిలో కత్తీ, ఒక చేతిలో తిత్తీ ఉంటే అన్న దవడలు విడదీయడానికి చెయ్యి మిగలదు.

అర్కకీర్తి తన కత్తిని నేల మీద పడేసి, అన్నకు ఎదురు నడిచాడు.